విరగని నాలుగో కొమ్మ

నవంబరు పదకొండు, పునీత మార్టిన్ పండుగ. ఆ పొద్దున లాండ్రాద ఇంట్లో బార్లీ జావ, ఉల్లికాడలు వేసి ఉడికించిన పంది మాంసం తిన్నారు. మాంసంలో ఉప్పెక్కువైందని పెద్దకొడుకు ఓదుల్ఫ్ వంక పెట్టాడు. వంక పెట్టి మళ్ళీ గిన్నె చాపాడు. తిన్నాక తమ్ముడు ఇంగోను వెంటబెట్టుకుని ఓక్ అడవిలో మేస్తున్న పందుల్ని తోలుకురావడానికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి అతణ్ణి తడిక మీద మోసుకొచ్చారు. ఆ రోజు సంగతి ఎవరైనా అడిగితే లాండ్రాదకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఉప్పే. ఆ తర్వాతే తడిక.

కిందటి వారం మనం ఆమెను సభ గుట్ట దారిలో, ఒక చెప్పు తడిసిపోయి నడుస్తుండగా వదిలి వచ్చాం. ఓదుల్ఫ్‌ను చంపింది ఏటి అవతలి సాక్సన్ల కుర్రవాడు. పందుల దగ్గర మొదలైన తగువు గొడ్డలి దాకా వెళ్ళింది. లాండ్రాద భర్త హాట్టో జ్వరంతో పోయిన నాటి నుంచి ఇంటికి పెద్దదిక్కు అతని అన్న గోమార్. సాక్సన్లు పరిహారం ఇస్తామంటే అతను వద్దన్నాడు. నెత్తుటికి నెత్తురే అన్నాడు. చనిపోయినవాడి తమ్ముడు బతికుండగా ఆ పని ఇంకొకరు చెయ్యడం తలవంపులన్నాడు. ఆ తమ్ముడు ఇంగో. వాడికి పంతొమ్మిదేళ్ళు.

కానీ ఆ రోజు అడవిలో ముందు లేచింది అన్న చేతిలోని కర్రేనని ఇంగోకు తెలుసు. కళ్ళారా చూశాడు. ఆ మాట తల్లి ఒక్కదానికే చెప్పాడు. చెప్పి, తను ఎవరినీ చంపననీ, చంపకుండా ఈ ఇంట్లో ఉండే వీలు లేదు కాబట్టి ఇంటివాళ్ళతో సంబంధమే తెంచుకుంటాననీ అన్నాడు. తమ ఫ్రాంకు తెగలో దానికొక పద్ధతుంది. సభలో అందరి ముందూ ఏటి ఒడ్డున పెరిగే ఆల్డర్ చెట్టు కొమ్మలు నాలుగింటిని నెత్తి మీద విరిచి నాలుగు దిక్కులకూ విసిరెయ్యాలి. అంతటితో తల్లి తల్లి కాదు, ఇల్లు ఇల్లు కాదు, వాళ్ళ పగ తన పగ కాదు.

ఫిబ్రవరి నెలాఖరు. ఎండ ఉంది గానీ వేడి లేదు. గుట్ట మీద పాతిన గుంజకు డాలు వేలాడదీశారంటే సభ మొదలైనట్టే. సభాపెద్ద అన్సోల్డ్ ముసలివాడు, పళ్ళు పోయి మాట కాస్త జారుతుంది. ఆడవాళ్ళు నిలబడే చోట లాండ్రాదను చూసి, తను కూర్చున్న పీటను తీసి ఆమెకు పంపించాడు. తను డాలు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చుంది. ఆయనకు దణ్ణం పెట్టాలన్న సంగతి కూర్చున్న చాలాసేపటికి తట్టింది. అప్పటికే ఇంగో మధ్యలోకి వచ్చేశాడు.

మొదటి కొమ్మను రెండు చేతులతో నెత్తి మీదికెత్తి వంచాడు. ఫట్‌మని విరిగింది. ముక్కల్ని తూర్పుకు విసిరాడు.

"మావాళ్ళ ప్రమాణాలతో నాకు పని లేదు."

రెండోది పడమటికి. "మావాళ్ళ నేలలో నాకు వాటా లేదు."

మూడోది ఉత్తరానికి. "మావాళ్ళ పగలో నాకు పాలు లేదు."

కొమ్మ విరిగిన ప్రతిసారీ లాండ్రాద ఒళ్ళు బిగబట్టి కూర్చుంది, ఎక్కడో నొప్పి పుడుతుందని. పుట్టలేదు. నాలుగు నెలలుగా అంతే. ఒంట్లో ఎవరో దీపాలన్నీ ఆర్పి వెళ్ళినట్టుంది. కొడుకు మెడ సన్నబడిందని మాత్రం గమనించింది. జుట్టు కత్తిరించాలనుకుంది. ఆ పని ఇక తనది కాదేమోనని కూడా అనుకుంది.

నాలుగోది ఎత్తాడు. "మావాళ్ళ నెత్తురుతో..."

కొమ్మ వంగింది. ఇంకా వంచాడు. ఇంకా వంగింది. మధ్యలో బెరడు చిట్లి పీచు లేచింది గానీ విరగలేదు. ఇంగో మొహం ఎర్రబడింది. మోకాలి మీద పెట్టి విరవబోతే అన్సోల్డ్ చెయ్యెత్తి ఆపాడు.

"నెత్తి మీదే అబ్బాయ్. మోకాలి మీద కాదు."

జనం నవ్వారు. "తల మెత్తబడిందా, కొమ్మ మెత్తబడిందా?" అని ఎవరో అరిచారు. "వాళ్ళమ్మని పిలవండ్రా, చెరో కొస పట్టుకుని లాగుతారు!" అన్నాడు ఇంకొకడు.

గోమార్ నవ్వలేదు. నింపాదిగా వచ్చి ఇంగో చేతిలోని కొమ్మ తీసుకుని, చిట్లిన చోటును అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. తెల్లగా ఉన్న చెక్క చూస్తుండగానే ఎరుపు తిరుగుతోంది. పచ్చి ఆల్డర్‌ను కోస్తే అంతే, గాయమైనట్టు ఎర్రబడుతుంది. ఎండినదానికి ఆ రంగు రాదు. అక్కడున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు.

"ఇది మొన్నో నిన్నో కోసింది," అన్నాడు గోమార్. "మా హాట్టో కొడుకుని మా నెత్తురు వదల్లేదు, చూశారా? చెట్టు కూడా ఒప్పుకోలేదు."

"నాలుగూ క్రిస్మస్ ముందే కోశాను," అన్నాడు ఇంగో. "దూలం మీద పొగలో ఎండబెట్టాను. నాలుగూ."

"మరి ఇదేంట్రా, పొగలో చిగురేసిందా?"

మళ్ళీ నవ్వులు. వాదనలు సాగాయి. మూడు విరిగాయి కాబట్టి తెగినట్టేనని కొందరన్నారు. నాలుగంటే నాలుగేనని మరికొందరు. అన్సోల్డ్ కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి గుంజ మీదున్న డాలును వేళ్ళతో తట్టాడు.

"ఏడు రాత్రులు గడువు. ఎనిమిదో రోజున ఇక్కడే, ఎండిన కొమ్మతో. ఈలోగా నీ వాళ్ళ గడప దాటి లోపలికి అడుగు పెట్టావా, ఈరోజు జరిగిందేదీ జరగనట్టే. నువ్వు గోమార్ ఇంటి మనిషివి, వాళ్ళ పగ నీ పగ. గడప దాటకపోతే ఈ ఏడు రాత్రులూ నువ్వు ఎవరి మనిషివీ కావు. నీ వాళ్ళెవరూ నీ పక్కన కాపలా ఉండకూడదు. ఊళ్ళో ఎవరైనా చేర్చుకుంటే, చేర్చుకున్నవాడే నీ తగువులన్నిటికీ పూచీ."

చివరి మాటకు ఊరివాళ్ళు చాలామంది నేల చూశారు. చర్చికి పోయి తలదాచుకుందామంటే అది రెండు రోజుల నడక. దారి సాక్సన్ల రేవు మీదుగానే.

సాక్సన్ల వైపు నుంచి తియాడో లేచాడు. ఓదుల్ఫ్‌ను చంపిన కుర్రవాడికి మేనమామ, పొడుగాటి మనిషి, ఎప్పుడూ మర్యాదగా మాట్లాడతాడు.

"పెద్దాయనా, ఒక్క సందేహం. ఈ ఏడు రాత్రుల్లో ఈ అబ్బాయికి ఏదైనా అయితే, అడగడానికి ఎవరొస్తారు?"

అన్సోల్డ్ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఎవరూ రారు," అన్నాడు. "కానీ తియాడో, నువ్వు ఈ మాట అడిగావని ఇక్కడ వందమంది విన్నారు."

"అడగడం తప్పా?"

"తప్పని నేనలేదు. విన్నారన్నాను."

తియాడో తల వంచి కూర్చున్నాడు. రేపు తమ మీదికి గొడ్డలి ఎత్తాల్సినవాడు ఈ ఏడు రాత్రుల్లోనే పోతే సాక్సన్లకు ఖర్చేమీ లేదు.

ఇంటిదారిలో ఇంగో పది అడుగులు ముందు నడిచాడు. అతని వెనుక లాండ్రాద. ఆమె వెనుక, వంగిన కొమ్మ చంకలో పెట్టుకుని, ఈల వేసుకుంటూ గోమార్. పక్కింటి బౌడో, తేనెపట్టులు పెంచే ముసలివాడు, తన కంచె దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇంగో రాగానే ఒక గొర్రెతోలు విసిరాడు. అది వాడి భుజం మీద పడింది.

"ఇంట్లోకి రమ్మనలేను రా అబ్బాయ్, ఇంటినిండా మనవలు," అన్నాడు. "గొర్రెతోలైతే ఎవరి పగకూ పూచీ పడదుగా. కప్పుకో."

"తిరిగిచ్చేస్తాను బౌడో మామా."

"ఇద్దువుగాన్లే. ఎనిమిదో రోజున." అని, ఇంకేదో అనబోయి, పట్టుల మీద కప్పిన గడ్డి సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

ఇల్లు చేరేసరికి ఎండ కంచె పైకొసలకు ఎక్కింది. గోమార్ తలుపు లాగి లోపలికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. లాండ్రాద లోపలికెళ్ళింది. ఇంగో గడపకు ఒక అడుగు ఇవతల ఆగాడు. చిన్నప్పుడు ఆ గడప మీదే కూర్చుని కాళ్ళూపుతూ రొట్టె తినేవాడు. ఇప్పుడు దాని వైపు చూడకుండా తల్లి వైపు చూశాడు.

"అమ్మా. దూలం మీది కొమ్మల్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంట్రా," అన్నాడు గోమార్ లోపలి నుంచి. "నీ అన్న ఆత్మే..."

"మిమ్మల్ని అడగలేదు పెదనాన్నా."

లాండ్రాద చేతులు పైబట్టకు తుడుచుకుంది. అవి తడిగా లేవు.

"ఒకటి పొయ్యిలో పెట్టాను," అంది.

"పొయ్యిలోనా?"

"మొన్న మంచు పడ్డ రోజు. కట్టెలు నిండుకున్నాయి. నువ్వు పశువుల దగ్గర పడుకున్నావు. నిప్పు ఆరిపోతోంది. చెయ్యి దూలం మీదికి పోయింది." పొయ్యి వైపు చూసింది. "అంటుకున్నాక చూశాను, అదేమిటో."

"తర్వాత?"

"తెల్లారాక ఏటికి పోయి ఇంకోటి కోసుకొచ్చాను. పక్కన పెట్టి కొలిచాను. సరిగ్గా అదే పొడవు."

ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతులో, తనకే తెలియకుండా, పని చక్కబెట్టిన మనిషి తృప్తి లాంటిది పలికింది. ఇంగో అది విన్నాడు.

"నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఈ పొయ్యి రాజేస్తున్నావు. పచ్చి కొమ్మ విరగదని నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి నాతో చెప్పలేదేం?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ఏటి ఒడ్డున కొడవలి పట్టుకుని నిలబడ్డ తనను గుర్తు చేసుకుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి, నీటి అంచున మంచు పలచగా గడ్డకట్టి ఉంది, ఒక బాతు ఎందుకో ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఇవన్నీ ఉన్నాయి. ఆ క్షణాన తను ఏమనుకుందో అది మాత్రం లేదు. మర్చిపోయిందా? అసలేమీ అనుకోలేదా? లేక చాలా బాగా అనుకుని, అనుకున్న సంగతిని తన దగ్గర కూడా దాచేసిందా?

"తెలీదు నాన్నా," అంది.

గోమార్ పెద్దగా నవ్వాడు. లేచి వచ్చి ఆమె భుజం తట్టాడు.

"తెలీకపోవడమేంటి! తల్లివి. కొడుకుని పోనివ్వలేదు. మగాళ్ళం గుట్టెక్కి అరుచుకుంటున్నాం గానీ, పని చేసింది నువ్వు. శెభాష్ లాండ్రాదా. నిన్ను ఇన్నాళ్ళూ మెతకదానివనుకున్నాను."

"మీ కోసం చెయ్యలేదు బావగారూ."

"ఎవరి కోసం చేస్తేనేం, అయింది కదా."

ఆ పొగడ్త ఆమె భుజం మీద, అతని చెయ్యి తీసేశాక కూడా, బరువుగా ఉండిపోయింది. ఇంగో కోప్పడతాడని చూసింది. కోప్పడితే బాగుండుననుకుంది. ఆ కుర్రాడు గొర్రెతోలును మెడ దాకా లాక్కుని, బయటి గోడకు పేర్చిన కట్టెల వైపు చూస్తూ నిలబడ్డాడు. మొన్నటి మంచు తర్వాత అతను కొట్టి పేర్చినవే.

"ఆ రోజు, వెచ్చబడిందా?" అని అడిగాడు.

"ఆఁ. కాసేపు."

"అయితే సరేలే."

అంతే అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. లాండ్రాదకు గొంతు కింద, చాలా కింద, ఏదో కదిలింది. నొప్పి కాదు. తిమ్మిరెక్కిన కాలిలోకి నెత్తురు తిరిగి వచ్చేముందు ఒక జిల ఉంటుంది, అలాంటిది.

ఆమె జావ గిన్నె తెచ్చి గడప రాతి మీద పెట్టింది. ఇంగో బయటే వంగి చెయ్యి చాపాడు.

"ఆగరా ఆగు," అన్నాడు గోమార్. "చెయ్యి లోపలికొచ్చింది. అన్సోల్డ్‌ని పిలిచి అడుగుదామా, చెయ్యొస్తే మనిషొచ్చినట్టేనా అని?"

ఇంగో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లాండ్రాద గిన్నెను కాలితో అవతలికి జరిపింది. జావ కాస్త ఒలికింది. అతను నిలబడే తిన్నాడు, అడుగు కనబడేదాకా. ఉప్పు సరిపోయిందని చెప్పాడు.

వెలుతురు తగ్గింది. మొదట చూసింది గోమారే. తలుపు పక్క గోడకు పుల్లలతో అల్లిన చిన్న కిటికీ ఉంది. అక్కడ నిలబడి ఏటి వైపు చూస్తున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"రేవు దాటారు," అన్నాడు. "ముగ్గురు."

లాండ్రాద చూసింది. ముగ్గురు మనుషులు తొందర లేకుండా గట్టు మీదుగా వస్తున్నారు. ముందున్నవాడు పొడుగ్గా ఉన్నాడు. కంచె దాకా వచ్చి ఆగారు. ఇంకొకరి కంచె దాటితే తప్పు వాళ్ళదవుతుంది. ఆ లెక్క తెలిసినవాళ్ళు. కంచె అవతల, దారి పక్క గడ్డిలో, పని అయిపోయిన కూలీల్లా కూర్చున్నారు.

"ఒరేయ్ ఇంగో," అన్నాడు గోమార్. ఈసారి అతని గొంతు వేరుగా ఉంది. తమ్ముడి కొడుకుతో మాట్లాడే గొంతు. "ఒక్క అడుగు. అంతే కదా. లోపలికి రా. నువ్వు నా మనిషివైతే ఆ ముగ్గురిలో ఒక్కడు కూడా ఈ రాత్రి నిన్ను ముట్టుకోడు. ముట్టుకుంటే మా ముప్ఫైమందీ వాళ్ళ ఇళ్ళ ముందుంటారని వాళ్ళకు తెలుసు."

"తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత నా చేతికి గొడ్డలిస్తారు."

గోమార్ అబద్ధమాడలేదు. "ఇస్తాను," అన్నాడు. "నా చేతుల్లో సత్తువుంటే నేనే పట్టుకునేవాణ్ణి రా." తన వేళ్ళు చూసుకున్నాడు. కీళ్ళ దగ్గర ఉబ్బి, పిడికిలి సగమే మూసుకునే వేళ్ళు. ఆ ఇంట్లో ఎవరూ ఇన్నాళ్ళూ ఆ వేళ్ళ సంగతి పైకి అనలేదు.

కంచె అవతల నుంచి మర్యాదగా ఒక పిలుపు వచ్చింది.

"ఇంగో! చలిలో నిలబడ్డావేం బాబూ? ఇటు రా, మాట్లాడుకుందాం. మా దగ్గర నిప్పుంది."

తియాడో గొంతు. ఇంగో తల తిప్పలేదు.

లాండ్రాద గడప దాటి బయటికి అడుగు వెయ్యబోయింది. ఇంగో అరచెయ్యి అడ్డం పెట్టాడు, ఆమెను ముట్టుకోకుండా.

"నువ్వు నా పక్కన నిలబడితే కాపలా అంటారు. లోపలే ఉండు."

"ఎక్కడికి పోతావు?"

"నడుస్తూ ఉంటాను. నడిచేవాడికి చలెయ్యదు."

"ఏడు రాత్రులూనా?"

"ఈ రాత్రి. రేపటిది రేపు."

ఆమె తలుపును బయటి గోడకు తగిలేదాకా తోసింది. పొయ్యి వెలుగు గడప మీద నుంచి పారి అతని పాదాల దగ్గర ఆగింది. నాలుగు నెలల్లో మొట్టమొదటిసారి ఆమెకు ఒకటి కావాలనిపించింది. అది న్యాయమో అన్యాయమో, దాని వెనక గొడ్డలి ఉందో లేదో, రేపు ఏటి అవతల ఏ తల్లి ఏ తడిక ముందు నిలబడుతుందో ఆమెకు పట్టలేదు. ఆ పాదాలు వెలుగులోకి రావాలి. అంతే.

"లోపలికి రా నాన్నా," అంది.

ఇంగో ఆ వెలుగును చూశాడు. గడపను చూశాడు. ఒక కాలి మడమ నేల మీద నుంచి లేచింది. గోమార్ ఊపిరి బిగబట్టడం లాండ్రాదకు వెనక నుంచి వినబడింది. కంచె అవతల గడ్డిలో ఒకడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంకొకడు.

"చలంతా లోపలికొస్తోందమ్మా," అన్నాడు ఇంగో.

వంగి, చెయ్యి మాత్రం చాపి, తలుపు అంచును వేళ్ళతో అందుకున్నాడు. లోపల ఎవరో అప్పుడే నిద్రపోయినట్టు, చప్పుడు కాకుండా, బయటి నుంచి దాన్ని మూసేశాడు.